సూత్రమునకు ముందు వాక్యము

గడచిన సంవత్సరము పరీక్షలకు మూడు వారములు ముందు, ఒకనాటి సాయంకాలము, పదవ తరగతి బాలిక యొకతె భౌతికశాస్త్ర పుస్తకమును చేతబట్టుకొని, తెలుగు ఉపాధ్యాయులమైన మా యొద్దకు వచ్చెను. "అయ్యవారూ, నిరోధం అంటే ఏమి?" అని అడిగెను. అది తెలుగు పుస్తకములోని మాట గనుక తెలుగు చెప్పువారినే అడుగవలెనని ఆ బిడ్డ తలంచినది.

అర్థము చెప్పుటకు ముందు ఆమెకు తెలిసినదెంతయో చూడగోరి మేమొక లెక్క యిచ్చితిమి. ఒక తీగ కొనల మధ్య 230 వోల్టులున్నవి, దానిలో అర ఆంపియరు ప్రవహించుచున్నది, నిరోధమెంత? నిమిషము గడవక ముందే 460 ఓములని వ్రాసి చూపెను. సామర్థ్యమెంత యనగా 115 వాట్లనెను. రెండును సరియైన జవాబులే. అంతట మేము, "ఈ తీగను తీసివేసి 920 ఓముల తీగను పెట్టితిమనుకొనుము. ప్రవాహము పెరుగునా, తగ్గునా?" అంటిమి. ఆమె పుస్తకమువైపు చూచెను. పిమ్మట మావైపు చూచెను. "అది పుస్తకంలో లేదు అయ్యవారూ" అనెను.

ఆ బాలిక మందబుద్ధి కాదు. తరగతిలో మంచి గుణములు తెచ్చుకొను పిల్ల. ఆమె నేర్చినది మూడు ఆంగ్లాక్షరములు వ్రాసిన ఒక త్రిభుజము. కావలసిన అక్షరమును వ్రేలితో మూసినచో, మిగిలిన రెంటిని గుణింపవలెనో భాగింపవలెనో ఆ బొమ్మయే చెప్పును. వ్రేలు సరిగా పెట్టుట వచ్చినవారికి జవాబు వచ్చును. అడ్డు రెట్టింపయినచో పారుదల సగమగునన్న సంగతి మాత్రము ఆ వ్రేలి క్రింద ఎచ్చటనో మరుగున పడిపోవును. ఇది ఒక్క బాలిక కథ కాదనియు, మన పిల్లలలో పలువురి స్థితి యిదియే యనియు తెలిసినందుననే, శాస్త్రోపాధ్యాయులము కాకపోయినను, ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. ఏ సూత్రమునైనను అక్షరములలో వ్రాయుటకు ముందు విద్యార్థి దానిని తన యింటి మాటలలో ఒక పూర్తి వాక్యముగా చెప్పగలుగవలెను. చెప్పలేనంతవరకు ఆ సూత్రము వానిది కాలేదు. తెలుగు మాధ్యమ పాఠశాలకు ఉన్న గొప్ప సౌకర్యము ఈ వాక్యమును చెప్పించుటకు వీలుండుటయే. దానిని వాడుకొననిచో మన బడికిని, అర్థము తెలియని భాషలో వల్లెవేయించు బడికిని భేద మేమున్నది?

హోసూరు చుట్టుపట్ల నివసించు మన కుటుంబములలో ఒక్క వస్తువునకే నాలుగు పేర్లు వినవచ్చుచుండును. ఇంటిలో అమ్మ "కరెంటు" అనును. తరగతిలో "విద్యుత్ప్రవాహము" అందురు. ప్రక్కయింటి తమిళ బాలుడు "మిన్నోట్టం" అని చదువును. పారిశ్రామిక శిక్షణాలయములో చేరిన అన్న సెలవులకు వచ్చి "ఎన్ని ఆంప్సు?" అనును. బిడ్డకు ఈ నాలుగును నాలుగు వేరు వేరు వస్తువులవలె తోచుటలో వింత లేదు.

ఇచ్చట మన పొరుగువారి మాటలను ఒకమారు పరికింపుడు. వోల్టులలో కొలుచు దానిని తమిళమున "మిన్నళుత్తం" అందురు. అళుత్తం అనగా ఒత్తిడి. ఆంపియర్లలో కొలుచునది "మిన్నోట్టం". ఓట్టం అనగా పరుగు. ఓములలో కొలుచునది "మిన్‌తడై". తడై అనగా అడ్డు. తమిళ బాలుడు పేరు వినినంతనే ఒక ఒత్తిడిని, ఒక పరుగును, ఒక అడ్డును మనసున చూడగలడు. మన బాలుడు వినునది పొటెన్షియల్ భేదము, విద్యుత్ప్రవాహము, నిరోధము. మొదటిది సగము మనది కాదు. మూడవది మనదే యైనను మన యిండ్లలో ఎవరును పలుకరు. నడిమి మాట యొక్కటే కొంత తెలిసినట్లుండును.

ఆ పారిభాషిక పదములను విడిచిపెట్టుడని మేము చెప్పుట లేదు. పరీక్షలో అవియే వ్రాయవలెను. కాని అవి వచ్చుటకు ముందు ఒత్తిడి, పారుదల, అడ్డు అను మూడు మాటలు బిడ్డ నోట నలగవలెను. అప్పుడు వాక్యము దానంతట అదియే వచ్చును: ఒత్తిడి హెచ్చిన కొలది పారుదల హెచ్చును, అడ్డు హెచ్చిన కొలది పారుదల తగ్గును. మిద్దెమీది తొట్టి యెంత యెత్తున నున్నచో కొళాయిలో నీరంత వడిగా వచ్చునని మన పిల్లలందరు ఎరుగుదురు. లావు గొట్టములో పోవు నీరు బిందుసేద్యపు సన్నని గొట్టములో పోదని గులాబి తోటలలో పెరిగిన బిడ్డకు చెప్పనక్కర లేదు. ఈ పోలిక అన్ని విధముల సరిపోవునది కాదనియు చెప్పవలెను. గొట్టము తెగినచో నీరు బయటికి చిమ్మును. తీగ తెగినచో ప్రవాహము ఆగిపోవును. పోలిక యెచ్చట తెగునో చెప్పిన ఉపాధ్యాయునే విద్యార్థి నమ్మును.

వాక్యము వచ్చిన పిమ్మట అంకెలు వచ్చును. వోల్టులను ఆంపియర్లచే భాగించినచో ఓములు. వోల్టులను ఆంపియర్లచే గుణించినచో వాట్లు. భాగించుట యేల? ఒక్క ఆంపియరును పారించుటకు ఎన్ని వోల్టుల ఒత్తిడి కావలసివచ్చినదని మనము అడుగుచున్నాము గనుక. ఎక్కువ కావలసినచో అడ్డు ఎక్కువయని యర్థము. గుణించుట యేల? వోల్టు అనగా ఒక్కొక్క కూలుంబు ఆవేశము వెంట వచ్చు జౌళ్ల లెక్క. ఆంపియరు అనగా ఒక్కొక్క సెకనులో దాటిపోవు కూలుంబుల లెక్క. రెంటిని గుణింపగా సెకనునకు ఎన్ని జౌళ్ల శక్తి వచ్చుచున్నదో తెలియును. దానికే వాటు అని పేరు. బస్తాకు ఇన్ని కిలోలు, గంటకు ఇన్ని బస్తాలు అన్నచో గంటకు ఎన్ని కిలోలో కూలివాడైనను గుణించి చెప్పును. మన సూత్రములో ఇంతకు మించిన మర్మము లేదు.

ఈ నియమమును కనుగొనిన మహనీయుని చరిత్ర మన తల్లిదండ్రులు వినదగినది. జార్జి సైమన్ ఓము 1789లో జర్మనీ దేశములోని ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. ఆయన బడిలో చదివినవాడు కాడు. స్వయముగా గణితమును నేర్చి, ఆ గణితమును తన కుమారులకు ఇంటియొద్దనే నేర్పెను. పదేండ్ల ప్రాయమున జార్జికి తల్లి గతించినది. పెరిగి పెద్దవాడై ఆయన కొలోను నగరములోని ఒక ఉన్నత పాఠశాలలో గణిత భౌతికశాస్త్రముల ఉపాధ్యాయుడయ్యెను. బడి ప్రయోగశాలలో తీరిక వేళల తీగలను కొలిచెను. 1825లో ప్రకటించిన మొదటి ఫలితము తప్పినది. ఆయన వాడిన ఘటముల ఒత్తిడి నిలుకడగా నుండకపోవుటయే కారణము. పిమ్మట బిస్మతును రాగిని అతికి, ఒక అతుకును మరుగు నీటిలోను, మరియొక అతుకును మంచులోను ఉంచి, నిలుకడగల ఒత్తిడిని సాధించి మరల కొలిచెను. 1827లో ఆ సంగతులన్నిటిని తన మాతృభాషయైన జర్మనులో గ్రంథముగా ప్రకటించెను. స్వదేశమున తగిన ఆదరము కలుగలేదు. ఆయన ఆ ఉద్యోగమును వదలుకొనెను. 1841లో లండను రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము నిచ్చి గౌరవించిరి. 1854లో ఆయన మరణించెను. 1881లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యుత్సభలో ఆయన పేరు కొలమానమై నిలిచినది.

తాళములు చేయు తండ్రి ఇంట చెప్పిన చదువు, హైస్కూలు అయ్యవారి ఓపిక, తప్పును తానే దిద్దుకొను గుణము, తన భాషలో వ్రాసిన గ్రంథము – ఈ నాలుగింటిలో మనకు అందనిది ఏదియును లేదు. మన ఊళ్లలో కార్ఖానాకు పోవు తండ్రులు, మోటార్లు చుట్టు తండ్రులు, వడ్రంగము చేయు తండ్రులు ఎందరో ఉన్నారు. వారి చేతిలో నున్న విద్య బిడ్డ పుస్తకములో నున్న విద్యయే. ఆ రెంటికిని మాటల వంతెన లేకపోయినది.

ఆ వంతెనకు మొదటి రాయి మీ యింటిలోని వస్తువులపై అంటించియున్న చీటీయే. నీళ్లు కాచు కడ్డీపై "230 వోల్టులు, 1500 వాట్లు" అని యుండుననుకొందము. వాట్లను వోల్టులచే భాగింపగా 6.5 ఆంపియర్లు వచ్చును. 230ని ఆ అంకెచే భాగింపగా సుమారు 35 ఓములు. ఇప్పుడు గోడలోని చిన్న ప్లగ్గు రంధ్రములను చూడుడు. అది 6 ఆంపియర్లకు మాత్రమే చేసినది. అనగా 230 వోల్టుల వద్ద 1380 వాట్లకు మించి దానిపై మోపరాదు. ఈ కడ్డీకి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే తగినది.

మేము చెప్పిన ఆ బాలిక ఈ లెక్కను తన యింట చేసినది. వారి వంటయింటిలో కడ్డీని చిన్న ప్లగ్గుకే తగిలించుచుండిరట; ఆ ప్లగ్గు ఒక ప్రక్క నల్లబడియుండెనట. లోపల వదులైన చోట అర ఓము అడ్డు ఏర్పడెననుకొందము. వేడియొక్క లెక్కకు ప్రవాహమును ప్రవాహముచేతనే గుణించి, దానిని మరల అడ్డుచే గుణింపవలెను. 6.5 ఆంపియర్ల వద్ద అది సుమారు 21 వాట్లు. రేడియోలు బాగుచేయువాడు సీసమును కరగించు చిన్న సాధనము 25 వాట్లది. ఇంచుమించు అంత వేడి గోడలోని ఒక బిందువున రోజూ అరగంట పుట్టుచున్నదన్నమాట. బాలిక తండ్రికి చెప్పెను. ఆయన మొదట నవ్వెనట. అంకెలు చూపగా మరునాడే విద్యుత్పనివానిని పిలిపించి పెద్ద ప్లగ్గు వేయించెనట. ఈ మాట ఆమె మాతో చెప్పిననాడు, ఆమె పరీక్షలో వ్రాసిన 460 ఓములకంటె ఈ అర ఓమునకే మేమెక్కువ సంతోషించితిమి.

బిల్లును కూడ ఇట్లే చదువవచ్చును. వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్టు. ఆ కడ్డీ రోజునకు అరగంట పనిచేసినచో ముప్పాతిక యూనిట్టు. 60 దినములలో 45 యూనిట్లు. ఇది తెలిసిన బిడ్డ ఇంటి వ్యయములో పాలుపంచుకొన్న బిడ్డ.

సూత్రము ఎచ్చట నిలుచునో, ఎచ్చట నిలువదో వాక్యము తెలిసినవానికే తెలియును. 60 వాట్ల పాత తీగె బల్బును లెక్కించినచో వెలుగుచున్నపుడు దాని నిరోధము సుమారు 880 ఓములు. అదే బల్బును చల్లగా నున్నపుడు సాధనముతో కొలిచినచో అందులో పదవ వంతు కూడ చూపదు. లెక్క తప్పుగాదు, సాధనము చెడలేదు. తీగె తెల్లగా కాగినపుడు దాని అడ్డు అన్ని రెట్లు పెరిగినది. ఓము నియమము ఉష్ణోగ్రత మారని లోహపు తీగకు చెప్పినది. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములో ఒక ఎలక్ట్రానిక్ అమరిక యుండును; దానికి 230ని ఆంపియర్లచే భాగించి వచ్చిన అంకెను నిరోధమనుట తగదు.

మన రైతులెరిగిన మరియొక సంగతి కలదు. వేసవిలో వోల్టేజి పడిపోయినపుడు బోరు మోటారు కాలిపోవును. త్రిభుజమును నమ్మినవాడు, "వోల్టులు తగ్గినచో ప్రవాహమును తగ్గవలెను గదా, వేడి తగ్గవలెను గదా" అని తెల్లబోవును. నీళ్లు కాచు కడ్డీ విషయమున ఆ మాట సత్యమే. మోటారు అట్టిది కాదు. అది అదే లోతునుండి అదే నీటిని ఎత్తవలెను, పని తగ్గలేదు. ఒత్తిడి అయిదవ వంతు తగ్గినచో, అదే పనికి ప్రవాహమును సుమారు పాతిక వంతు పెంచుకొనును. చుట్టలలోని వేడి ప్రవాహముయొక్క వర్గమును బట్టి యుండును గనుక ఒకటిన్నర రెట్లు దాటును. పొలములో కాలిన మోటారు విలువ ఎంతయో మీ తండ్రులనడుగుడు. ఈ పాఠముయొక్క విలువ తెలియును.

ఇక తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్నకు వచ్చెదము. "రేపు కాలేజీలో అంతా ఇంగ్లీషే గదా అయ్యవారూ, ఇప్పుడు తెలుగులో నేర్చి ఏమి లాభం?" ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. ఇచ్చట చదివి పాలిటెక్నిక్కులో చేరిన మన పిల్లలు మొదటి నెలలలో మాటలు తెలియక బాధపడుటను మేము కన్నులార చూచితిమి. తెలిసిన విషయమునే తెలియనిదనుకొని వెనుక వరుసలో కూర్చున్నవారు కలరు. ఇందు మా తప్పును కొంత గలదు. మేము ప్రక్క రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చినవారము. వచ్చిన తొలి యేండ్లలో, పిల్లలు జవాబులలో ఒక తమిళ మాటగాని ఆంగ్లపు మాటగాని వ్రాసినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచుంటిమి. భాషను కాపాడుచున్నామని తలంచితిమి. వారి దారిలో మేమే ఒక నిరోధమైతిమని తరువాత తెలిసికొంటిమి.

అయినను ఆ ప్రశ్నకు మా ప్రత్యుత్తర మిది. పేర్లు నేర్చుటకు కొన్ని వారములు చాలును. అర్థము నేర్చుటకు ఏండ్లు పట్టును. 230, 6.5, 35 అను అంకెలు ఏ భాషలోను మారవు. వోల్టు, ఆంపియరు, ఓము, వాటు అను మానములును మారవు. అడ్డు హెచ్చినచో పారుదల తగ్గునని తెలిసిన బిడ్డ ఆ అడ్డునకు ఆంగ్లములో ఏమందురో ఒక పూటలో నేర్చును. అర్థము తెలియక ఆంగ్లపు పేరును మాత్రమే నేర్చిన బిడ్డకు మోటారు ఏల కాలినదో పేరు చెప్పదు. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. ఆ హక్కు మనకు తరగతి గదిని ఇప్పింపగలదు. ఆ గదిలో జరుగవలసిన పని మనదే. 1906లో హైదరాబాదున స్థాపించి పిమ్మట చెన్నపట్టణమునకు మార్చిన విజ్ఞానచంద్రికా మండలివారు శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటించిరి. ఆ మండలి స్థాపకులలో ముఖ్యులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున, మరాఠీవారి నడుమ, చదువుకొన్నవారు. పొరుగుభాషల నడుమ నుండుట తెలుగునకు కొరతయని ఆయన తలంపలేదు.

కావున మేము మూడు పనులను కోరుచున్నాము. మొదటిది: ప్రతి విద్యార్థియు శాస్త్రపు నోటుపుస్తకము చివర ఒక పుట విడిచి, ఒక్కొక్క మాటకు తెలుగు, తమిళము, ఆంగ్లము మూడు పేర్లను ప్రక్కప్రక్కన వ్రాసికొని, వాని యెదుట ఇంటి మాటలలో ఒక వాక్యము వ్రాయవలెను. రెండవది: ఉపాధ్యాయులు లెక్క యిచ్చినపుడు జవాబుతోబాటు, "పెరిగినదా, తగ్గినదా, ఏల?" అని ఒక వాక్యమును కూడ అడుగవలెను, ఆ వాక్యమునకు గుణములు వేయవలెను. మూడవది తల్లిదండ్రులకు: ఒక రాత్రి భోజనానంతరము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంటిలోని వస్తువుల చీటీలను చదివించి, లెక్క కట్టించి, మీకు తెలుగులో చెప్పుమనుడు. చీటీలను చదువుటయే గాని ప్లగ్గును విప్పరాదు, తీగను ముట్టరాదు. ఆ పని తెలిసిన పనివానిది.

బిడ్డ చెప్పునది మీకు అర్థము కానిచో, "మరల చెప్పు" అనుడు. సిగ్గుపడకుడు. రెండవమారు చెప్పునపుడు మాటలు వెదకుకొనును, మూడవమారు తానే ఒక పోలిక తెచ్చును. పరీక్షకు ముందు ఆ బాలిక మరల మా యొద్దకు వచ్చి, మేమడుగకయే, "920 పెడితే సగమే పారుతుంది అయ్యవారూ, అడ్డు రెట్టింపాయె గదా" అనెను. ఆ సంవత్సరము మేము విన్న తెలుగు వాక్యములలో మాకు మిక్కిలి నచ్చినది అదియే.